కోత దాకా అల్లుడు

నా పెళ్లాం ఎలూబీని పాతిపెట్టి వచ్చి గొరిగించుకున్న నా గుండు మీద వెంట్రుకలు ఇంకా మొలవనైనా లేదు, మా బావ మయేసో వచ్చి నా పక్కన చాప మీద కూర్చున్నాడు. ఎలూబీకి అన్న ఆయన. ఆ ఇంటి ఆడవాళ్లందరికీ, వాళ్ల పిల్లలందరికీ పెద్దదిక్కు. వచ్చి చాలాసేపు వాన గురించి మాట్లాడాడు. మూలాంజే కొండ మీద మబ్బు బాగా దిగిందన్నాడు, ఈ ఏడు వానలు నిలకడగా ఉండేలా ఉన్నాయన్నాడు. ఆయన వాన గురించి మాట్లాడ్డానికి రాలేదని నాకు తెలుసు.

"కంగారేం లేదు బావా," అన్నాడు చివరికి. "గింజ నువ్వే వేశావు. కలుపూ నువ్వే తీస్తావు. కోత దాకా ఉండు. పండింది తిని ఆ తర్వాతే వెళ్లు. మనిషిని వానలో బయటికి పంపేంత పాడు మనుషులం కాదు మేం."

దయగానే అన్నాడు. ఆ దయకే నాకు ఒళ్లు మండింది. గెంటేసి ఉంటే నాలుగు తిట్లు తిట్టి పోయేవాణ్ని. గడువు పెట్టి మరీ మంచిగా మాట్లాడేవాణ్ని ఏమని తిట్టను?

మయేసోలా ఇంటికి పెద్దదిక్కయినవాడు తప్ప మా వైపు మగవాళ్లమందరం ఇల్లరికపు అల్లుళ్లమే. పెళ్లయితే మూటాముల్లే సర్దుకుని పెళ్లాం ఊరికి వస్తాం, అక్కడే ఇల్లు కడతాం, అక్కడి పొలమే తవ్వుతాం. పొలం తల్లి నుంచి కూతురికి పోతుంది. పిల్లలు తల్లి వైపు వాళ్లు, వాళ్ల మంచిచెడ్డలు మేనమామవి. పెళ్లాం పోతే అల్లుణ్ని సాగనంపుతారు. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నదే. కాకపోతే అంతవరకూ సాగిపోయినవాళ్లు ఎవరెవరో. ఇప్పుడు ఆ వంతు నాది, నాకు కూతురు తమండా ఉంది.

దానికప్పుడు పదకొండేళ్లు. మాకు నిలిచింది అదొక్కతే. వాళ్లమ్మకి జ్వరం వచ్చి, ఏమైందో మేం తెలుసుకునేలోపే పోయింది. ఆ తర్వాత తమండా నన్ను వదిలేది కాదు. నేను పార భుజాన వేసుకుంటే అదీ వాళ్లమ్మ పార భుజాన వేసుకునేది. దాని కంటే ఆ కర్రే పొడుగు.

"కోత దాకానేనా నాన్నా నువ్వు?" అని ఒక రోజు కలుపు తీస్తూ తీస్తూ అడిగింది.

"ఎవరన్నారు?"

"మామయ్య పిల్లలు. అయితే మొక్కజొన్న ఎండకపోతే?"

"ఎండకుండా ఎలా ఉంటుందే పిచ్చిదానా?"

"వాన ఆగకపోతే ఎండదుగా," అంది. ఊరంతా మంచి పంట రావాలని మొక్కుతుంటే నా కూతురు ఒక్కతే వాన ఆగకూడదని మొక్కింది ఆ ఏడు.

మా అత్తగారి సంగతి చెప్పాలి. అల్లుడి మొహం అత్త చూడకూడదు, అత్తతో అల్లుడు మాట్లాడకూడదు. అది మా మర్యాద. దారిలో నేను ఎదురైతే ఆవిడ కంచె వైపు తిరిగి నిలబడేది. పెళ్లయిన నాటి నుంచీ నాకు చెప్పాలనుకున్నవన్నీ ఇంకెవరికో చెప్పేది, నేను వినేవాణ్ని. ఎలూబీ ఉన్నన్నాళ్లూ ఎలూబీకి, ఆ తర్వాత తమండాకి. ఎవరూ లేకపోతే మేకకి.

"ఏమే మేకా, ఆ పై పొలంలో కలుపు మోకాలెత్తు లేచింది. కొందరికి కళ్లు కనపడవు కాబోలు."

"మేకా, రేపు తీస్తారట, తొందరపడొద్దని చెప్పవే," అనేవాణ్ని నేను కొండ వైపు చూస్తూ.

వాళ్లమ్మ పోయాక తమండా మొదటిసారి నవ్వింది ఆ మేక ముచ్చట్లకే. ఆ తర్వాత మా అత్తగారు గంపలో గుమ్మడాకు కూర, మొక్కజొన్న సంకటి పెట్టి దాని నెత్తిన పెట్టేది. "మీ నాన్న నిన్న కూడా తినలేదటే. మీ అమ్మ పోయింది గానీ మేమంతా చావలేదని చెప్పు," అనేది, నాకు వీపు పెట్టి. ఆ గొంతులో ఎంత దుఃఖం ఉందో, ఎంత ప్రేమ ఉందో నాకు తెలుసు.

కలుపులు అయ్యాక మయేసో ఇంకో దారి చూపించాడు. ఎలూబీ చెల్లెలు ఫయినెస్‌ని చేసుకుంటే నేను వెళ్లనక్కర్లేదు, అల్లుడు అల్లుడిగానే ఉండిపోతాడు. అదీ ఆచారమే. మర్నాడు ఫయినెస్ అన్నం గిన్నె తెచ్చి నా ముందు పెట్టి తలుపుకి ఆనుకుని నిలబడింది.

"బావా, నిజం చెప్పు. నన్ను చూస్తే నీకేమనిపిస్తుంది?"

"ఎలూబీ చెల్లెలు అనిపిస్తుంది."

"నాకూ నిన్ను చూస్తే మా అక్క మొగుడనే అనిపిస్తుంది. మనిద్దరి మధ్యా అక్కే పడుకుని ఉంటుంది జీవితాంతం. వద్దులే. పైగా నీ గురక సంగతి అక్క ఊరంతా చెప్పింది."

"మరీ అంత కాదు."

"ఊరుకో బావా, నువ్వు కాపలా పడుకుంటే ఇటుక బట్టీ వైపు దొంగలే రారట."

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుతూ నవ్వుతూనే ఆ పిల్ల ఏడ్చేసింది, నేనూ ఏడ్చాను. అలా ఆ దారి మూసుకుపోయింది.

రేడియోలో వారం వారం ఒకావిడ చట్టాల గురించి చెప్పేది. పెళ్లాం పోతే మొగుడికి, పిల్లలకి తాము కట్టుకున్న ఇంట్లో హక్కుంటుందనీ, ఎవరైనా పొమ్మంటే బోమాకి, అంటే జిల్లా కచేరీకి, వెళ్లి మేజిస్ట్రేటుకి చెప్పుకోవచ్చనీ ఆవిడ చెబుతుంటే రేడియో చెవికి ఆనించుకుని విన్నాను. ఇల్లు నేను కట్టింది. మట్టి తొక్కింది నేను, ఇటుక కోసింది నేను, బట్టీ కాల్చింది నేను, రేకులు నెత్తిన మోసుకొచ్చింది నేను. ఇల్లు దక్కితే ఊళ్లో ఉంటాను. ఊళ్లో ఉంటే తమండా నాతో ఉంటుంది. నాకు కావలసింది అదొక్కటే. ఇటుకల మీద నాకేం మోజు, కావాలంటే ఇంకో బట్టీ కాల్చుకోలేనా?

మా పద్ధతిలో ఏ తగువైనా ముందు పెళ్లిపెద్దల దగ్గరికి వెళ్లాలి. పెళ్లిలో అటు ఒకరు, ఇటు ఒకరు పూచీ నిలబడతారు. వాళ్ల వైపు మయేసో, మా వైపు మా మేనమామ బ్వానాలీ. నేను మామయ్యకి చెప్పలేదు. చెబితే వద్దంటాడు. వద్దన్నాక వెళ్లడం కంటే చెప్పకుండా వెళ్లడమే సులువనిపించింది.

మేజిస్ట్రేటు ఉత్తరాది మనిషి. ఆ వైపు ఆవుల్ని ఓలిగా ఇచ్చి పెళ్లాన్ని తెచ్చుకుంటారు, పిల్లలు తండ్రి వాళ్లవుతారు. ఆయనకి మా గోల ఒక పట్టాన అర్థం కాలేదు.

"ఎన్ని ఆవులిచ్చావయ్యా పెళ్లికి?" అనడిగాడు కళ్లజోడు పైకి నెట్టుకుంటూ.

"ఆవులు లేవండి. కోడండి."

"ఒక్క కోడా?"

"రెండండి. పుంజు మాది, పెట్ట వాళ్లది."

కోర్టులో ఉన్నవాళ్లంతా నవ్వారు. టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మయేసో కూడా నవ్వాపుకోలేకపోయాడు. మేజిస్ట్రేటు ఆయన్ని లేచి నిలబడమన్నాడు.

"అయ్యా, ఈయన మంచివాడు," అన్నాడు మయేసో. "మా చెల్లెలి మీద ఒక్కనాడు చెయ్యెత్తలేదు. ఇల్లు ఈయన కట్టిందే, కాదనను. కానీ గాల్లో కట్టలేదు కదండీ. కింద నేల మా అమ్మది, అంతకుముందు వాళ్లమ్మది, రేపు ఈ పిల్లది. ఈయన అక్కడే ఉండి ఇంకో ఆవిణ్ని తెచ్చుకుంటే ఆవిడ పిల్లలు ఆ నేల మీద పెరుగుతారు. అప్పుడు మా పిల్ల ఎక్కడికి పోవాలి?"

"నేనెవర్నీ తెచ్చుకోను," అన్నాను.

"ఇప్పుడు అలాగే అంటావు బావా," అన్నాడు నా వైపు తిరిగి, మెల్లగా. "నాలుగేళ్లు పోనీ."

తీర్పు నాకే వచ్చింది. ఇల్లు నాదీ తమండాదీ. పిల్ల తండ్రి దగ్గర ఉండాలి. ఆచారం పేరు చెప్పి మమ్మల్ని ఎవరూ కదిలించకూడదు.

గెలిచినవాడూ ఓడినవాడూ ఒకే బండి ఎక్కాం, మా ఊరి వైపు ఆ పూట ఇంకోటి లేదు. సరుకుల వ్యాను వెనక బస్తాల మీద పక్కపక్కనే కూర్చున్నాం. సన్నగా తుంపర పడుతోంది. మయేసో వేయించిన వేరుశనగల పొట్లం విప్పి నా ముందుకి జరిపాడు.

"తిను బావా. పొద్దుట్నుంచీ నీ కడుపులో ఏం పడలేదు."

తిన్నాను. గెలిచానన్న సంతోషం బండి దిగేదాకా కూడా నిలవలేదు, ఎందుకో అప్పుడు తెలియలేదు.

"మీ మామయ్యకి చెప్పావా?" అనడిగాడు దిగే ముందు.

"లేదు."

మయేసో తల ఊపి, పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఊళ్లో నన్నెవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. బోరింగు దగ్గర అందరూ పలకరిస్తూనే ఉన్నారు. కొన్నాళ్లకి ఒక పొద్దున నేను గుమ్మంలో కూర్చుని పారకి కొత్త కర్ర చెక్కుకుంటున్నాను, తమండా ముంగిలి ఊడుస్తోంది. మా అత్తగారు దారి వెంట వచ్చింది. అలవాటు కొద్దీ నేను మొహం తిప్పుకున్నాను. ఆవిడ తప్పుకోలేదు. నేరుగా వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"జైలోస్," అంది. "కాస్త ఉప్పుంటే పెడతావా?"

నా పేరు ఆవిడ నోట వినడం అదే మొదలు. తలెత్తి చూశాను. ఎలూబీ ముసలిదయ్యేదాకా బతికుంటే అచ్చం అలాగే ఉండేది. ఇన్నేళ్లూ ఆ పోలిక నాకు తెలియనే తెలియదు. లేచి వెళ్లి ఉప్పు తెచ్చి ఆవిడ దోసిట్లో పోశాను. "రేపు తెచ్చిస్తాను," అని మర్యాదగా చెప్పి వెళ్లింది. మర్నాడు సరిగ్గా అంత ఉప్పూ ఆకులో పెట్టుకుని తెచ్చిచ్చింది కూడా. ఆ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఉప్పు తిరిగివ్వడం అనేది అంతవరకూ ఎవరూ ఎరగరు.

"అమ్మమ్మ నీతో మాట్లాడిందేంటి నాన్నా?" అంది తమండా, చీపురు పట్టుకుని అలాగే నిలబడి.

"ఉప్పు కోసమే."

"ఉప్పయితే నాతో చెప్పొచ్చుగా?"

పూచీ నిలబడ్డ పెద్దల్ని దాటి నేను ఒంటరిగా కోర్టు మెట్లెక్కిన రోజే నా పెళ్లి విడిపోయింది. నేనిక అల్లుణ్ని కాను. ఆ ఊళ్లో సొంతిల్లున్న ఎవడో ఒక మగవాణ్ని. ఆవిడ నాకు ఎదురు రావచ్చు, పేరు పెట్టి పిలవొచ్చు, చేబదులు అడగొచ్చు. ఎలూబీ నాకు ఆ రోజు రెండోసారి పోయింది. ఇంటి వెనక్కి వెళ్లి చాలాసేపు ఏడ్చాను.

ఆ తర్వాత ఒక్కొక్కటే తెలిసొచ్చింది. పొత్తులు విరిచే రోజుల్లో చుట్టాలు పిలవకుండానే వచ్చి చెయ్యి వేస్తారు. నాతో మాత్రం, "పిలిస్తే వస్తాం జైలోస్," అన్నారు, నవ్వుతూనే. మయేసో పిల్లలు తమండాని 'బోమా పిల్ల' అని పిలవడం మొదలుపెట్టారు. మొదట్లో అది తిరిగి తిట్టేది. తర్వాత ఆడుకోవడానికే వెళ్లడం మానేసింది.

సంతాపం తీరే రోజు వచ్చింది. ఆ రోజు ఆ వంశం ఆడవాళ్లు తెల్లవారుతూనే శ్మశానానికి వెళ్లి కొత్త సమాధి చుట్టూ ఊడ్చి, పిండి చల్లి వస్తారు. నడక రాని ఆడపిల్లల్ని కూడా చంకనేసుకుని వెళ్తారు. తమండా ముందురోజే గౌను ఉతుక్కుంది, కొత్త చీపురు కట్టుకుంది. తెల్లవారింది, పొద్దెక్కింది, ఎవరూ పిలవలేదు. అది గుమ్మంలో నిలబడి చూస్తుండగానే వాళ్లంతా కాళ్లకి తడి మట్టితో తిరిగొచ్చారు. ఫయినెస్ ఒక్కతే మా వైపు చూసి తల దించుకుంది.

"నన్ను మరిచిపోయారా నాన్నా?" అంది తమండా.

నేను మయేసో ఇంటి మీదికి వెళ్లాను. ఊరంతా వినేలా అరిచాను. "పగ ఉంటే నా మీద తీర్చుకోండి! పసిపిల్లేం చేసింది? కన్నతల్లి సమాధికి దాన్ని పిలవరా?"

మయేసో ఒలుస్తున్న పొత్తు పక్కన పెట్టాడు. "పగేంటి బావా? పిల్ల నీదని సర్కారు చెప్పింది. నీ పిల్లని నీ సెలవు లేకుండా మా శ్మశానానికి మేమెలా తీసుకెళ్తాం? పిలుద్దామని మా అమ్మ రాత్రంతా ఏడ్చింది. నేనే వద్దన్నాను. ఆ పిల్ల ఎవరి మనిషో ముందు తేలాలి."

"నాకూ మనిషే, మీకూ మనిషే!"

"ఆ మాట చెప్పే చోటు ఎక్కడుంది?" అన్నాడు. వెక్కిరింపుగా కాదు, నిజంగానే తెలియక అడిగాడు. "బోమాలోనూ లేదు, ఇక్కడా లేదు. ఉంటే చెప్పు, ఇద్దరం కలిసే వెళ్దాం."

మేజిస్ట్రేటు చెప్పింది న్యాయమేనని నేను ఇప్పటికీ అంటాను. మయేసో చెప్పిందీ న్యాయమే. నాకు ఇద్దరి మీదా కోపమే. కానీ ఇంటికొచ్చేసరికి నా కూతురు ఇంకా ఆ చీపురు పట్టుకునే గుమ్మంలో నిలబడి ఉంది. మర్నాడే మా మామయ్య ఊరికి బయల్దేరాను.

బ్వానాలీ మామయ్య అరచేతిలో పొగాకు నలుపుతూ అంతా విన్నాడు. "గెలిచావటగా," అన్నాడు. "సంతలో జనం చెబితే తెలిసింది. కోర్టుకెళ్లేటప్పుడు ఈ ముసలాడు గుర్తు రాలేదు, ఇప్పుడొచ్చానా?"

"తిట్టు మామయ్యా. తిట్టి, నన్ను పద్ధతి ప్రకారం సాగనంపించడానికి నాతో రా."

"వస్తాన్రా. రాక చస్తానా."

కోతలు అయిపోయాయి, గాదెలు నిండాయి. మయేసో ముంగిట్లో ఎదురెదురుగా చాపలు వేశారు. మమ్మల్ని కూర్చోబెట్టి, అడగాల్సినవన్నీ మయేసో అందరి ముందూ అడిగాడు. ముందు ఇంటి సంగతి. సాగనంపిన అల్లుళ్లు తలుపులూ రేకులూ ఊడబీక్కుని పోవడం మామూలే.

"ఒక్క రేకు కూడా విప్పను," అన్నాను. "అది తమండా నేల మీద ఉంది."

"మరి పిల్ల?"

ఆ మాట నేను పైకి అనాలి, రెండు వైపుల వాళ్లూ వినాలి. మామయ్య మోచేత్తో పొడిచాడు.

"మీ పిల్ల," అన్నాను. "మీ వంశం పిల్ల. దాని మీద నాకే హక్కూ లేదు."

తమండా వాళ్లమ్మమ్మ పక్కన కూర్చుని ఉంది. ఎందుకలా అనాల్సి వస్తుందో దానికి ముందే కూర్చోబెట్టి చెప్పాను. అర్థమైంది నాన్నా అంది. అయినా చెబితే తెలుసుకోవడం వేరు, నలుగురిలో చెవులారా వినడం వేరు. దాని మొహం చూశాను. చూడకుండా ఉండాల్సింది.

మామయ్య నా చాప చుట్టి భుజాన వేసుకుని, నా చెయ్యి పట్టుకుని ముంగిలి దాటించాడు. సాగిపోయేవాడు వెనక్కి చూడకూడదు. తమండా ఏడుస్తుందేమో, పరిగెత్తుకొస్తుందేమో అని చెవులు రిక్కించి నడిచాను. ఏమీ వినపడలేదు. మర్నాడు అమ్మమ్మ దాన్ని ఒక్కదాన్నే తీసుకెళ్లి వాళ్లమ్మ సమాధి చుట్టూ ఊడ్పించిందని తర్వాత తెలిసింది. ఆ కబురు విన్నాక నాలుగు ముద్దలు తినగలిగాను.

నేను మా చెల్లెలి ముంగిట్లో ఒక గది వేసుకున్నాను. అక్కడ మేనమామని నేనే. చెల్లెలి పిల్లల చదువులు, తగువులు, రేపు పెళ్లిళ్లు, అన్నీ నా మాట మీదే నడవాలి. వాళ్ల నాన్న నన్ను చూస్తే కుర్చీలోంచి లేస్తాడు. వద్దని రెండుసార్లు చెప్పాను, అయినా లేస్తాడు.

చలి మొదలయ్యాక తమండా ఫయినెస్‌తో కలిసి నన్ను చూడ్డానికి వచ్చింది. కాస్త పొడుగైంది. మా చెల్లెలు ఎంతో సంబరపడింది. కాళ్లకి నీళ్లిచ్చి, మంచి చాప వేసి, కోడిని కోసి, కందనకాయ తీసి దానికే వడ్డించింది. మా మేనకోడళ్లు ఎప్పటిలాగే మామయ్యా మామయ్యా అని నా భుజాల మీద పడి వేలాడుతున్నారు. తమండా ఎదుటి చాప మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, రెండు చేతులతో గిన్నె అందుకుని, ఒద్దికగా తింది.

"ప్రయాణం ఎప్పుడు తల్లీ?" అని మా చెల్లెలు ఆప్యాయంగా అడిగింది. దారికి ఏదైనా వండి కట్టివ్వాలని చుట్టాల్ని అడిగే మాటే అది. అందులో తప్పేమీ లేదు.

తమండా చెయ్యి ఆపి నా వైపు చూసింది. ఆ ముంగిట్లో పిల్లలందరూ నేను ఉండమంటే ఉంటారు, పొమ్మంటే పోతారు. ఉండవే తల్లీ అందామని నోరు తెరిచాను. అందరి ముందూ దాన్ని కాదన్నది ఈ నోరే. మళ్లీ మూసుకున్నాను.

అది కాసేపు చూసి, కళ్లు దించుకుంది.

"పొద్దున్నే వెళ్లిపోతానత్తయ్యా," అంది.